గీతలో దాగిన బెట్ట: కాలశ్రేణి దత్తాంశాన్ని కుదించి రేఖాచిత్రం గీయడంలో మెలకువలు

ధర్మవరం నుంచి బెంగళూరు వైపు సాగే రైలు మార్గంలో పెనుకొండ, హిందూపురం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఈ మూడు పట్టణాలూ 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ఉమ్మడి అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఇంత తక్కువ వాన మీద ఆధారపడిన ఎర్రనేలల సేద్యంలో ఏడాదికి మొత్తం ఎంత కురిసిందన్న దానికన్నా ఎప్పుడు కురిసింది, మళ్లీ ఎన్నాళ్లకు కురిసింది అన్నదే పంటకు ప్రాణం.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే దత్తాంశానికి నేడు కొదవ లేదు. స్వయంచాలక వాతావరణ కేంద్రాలు గంటగంటకూ వర్షపాతాన్నీ, ఉష్ణోగ్రతనూ, తేమనూ నమోదు చేస్తున్నాయి. పీజోమీటర్లలో అమర్చిన పరికరాలు భూగర్భ జలమట్టాన్ని పంపుతున్నాయి. పట్టుపురుగుల పెంపక గృహాలలో చిన్న సెన్సర్లు నిమిషాల వ్యవధిలో కొలతలు తీయగలవు. చిక్కు ఏమిటంటే, ఇంత దత్తాంశాన్ని ఎవరూ అంకెలుగా చదవలేరు, రేఖాచిత్రంగానే చూస్తారు. చిత్రం గీయాలంటే దత్తాంశాన్ని కుదించాలి. ఆ కుదింపులో జరిగే చిన్న పొరపాటు వానను ఒక రోజు నుంచి మరొక రోజుకు జరుపుతుంది, లేని బెట్టను చూపుతుంది, ఉన్న బెట్టను దాచివేస్తుంది. విత్తే సలహా గానీ, పంట బీమా లెక్క గానీ అటువంటి గీతపై ఆధారపడినప్పుడు నష్టం రైతుదే అవుతుంది.

కుదింపు ఎందుకు, ఎలా

అయిదు నిమిషాలకొక కొలత తీసే సెన్సర్ ఏడాదిలో 1,05,120 వరుసలను కూడబెడుతుంది. రేఖాచిత్రం గీసే తెర మీద అడ్డంగా 800 చుక్కల చోటు ఉందనుకుంటే, ఒక్కొక్క నిలువు గీత మీద దాదాపు 131 కొలతలు పడతాయి. కంటికి కనిపించేది వాటిలో కొద్ది భాగమే. అందువల్ల కాలాన్ని సమాన ఖండాలుగా విభజించి, ప్రతి ఖండంలోని కొలతలకు బదులు ఒక సంగ్రహ విలువను తీసుకుంటారు. దీనినే పునర్నమూనీకరణ అంటారు.

దత్తాంశాన్ని మొత్తంగా బయటికి తెచ్చి కుదించడం కన్నా, డేటాబేస్‌లోనే క్వెరీ ద్వారా కుదించి ఫలితాన్ని మాత్రమే తెచ్చుకోవడం వేగవంతం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇందుకు చిరకాలంగా ఉన్న ప్రమేయం 'డేట్ ట్రంక్'. ఇది సమయాన్ని గంట, దినం, వారం, నెల వంటి క్యాలెండర్ హద్దుకు కత్తిరిస్తుంది. 2021లో విడుదలైన 14వ సంచిక నుంచి 'డేట్ బిన్' అనే ప్రమేయం కూడా అందుబాటులోకి వచ్చింది. దీనికి మూడు వివరాలు ఇవ్వాలి: ఖండం నిడివి, కొలత సమయం, ఖండాల లెక్క ఎక్కడి నుంచి మొదలుకావాలో తెలిపే ఆరంభ బిందువు. టైమ్‌స్కేల్ డీబీలోని 'టైమ్ బకెట్', క్వెస్ట్ డీబీలోని 'శాంపిల్ బై', ఇన్‌ఫ్లక్స్ డీబీలోని కాల సమూహీకరణ ఈ కోవలోనివే. పేర్లు వేరైనా ప్రతిదానిలోనూ వాడేవారు నిర్ణయించవలసినవి మూడే: ఖండం హద్దు ఎక్కడ, ఖండంలోని కొలతలకు బదులు ఏ విలువ, కొలత లేని ఖండాన్ని ఏమి చేయాలి. ఈ మూడింటినీ వరుసగా మూడు సందర్భాలలో పరిశీలించవచ్చు.

ధర్మవరం: వాన దినం ఎప్పుడు మొదలవుతుంది?

ధర్మవరం పరిసరాల మెట్ట వేరుశనగకు వర్షపు లెక్క ప్రధానం. భారత వాతావరణ శాఖ లెక్కలో వర్షపాత దినం అర్ధరాత్రి మొదలు కాదు. ఉదయం 8:30 నుంచి మరునాటి ఉదయం 8:30 వరకు కురిసిన వాన ఒక దినపు వాన. దానిని కొలిచిన తేదీ కింద, అంటే ముగిసిన తేదీ కింద రాస్తారు. ఆ కొలత 2.5 మి.మీ. లేదా అంతకు మించితే అది వర్షపు దినం.

ఈ నియమాన్ని పట్టించుకోకుండా గంటల వారీ దత్తాంశాన్ని 'డేట్ ట్రంక్'తో దినాలుగా కుదించితే ఏమవుతుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. జులై 10 రాత్రి 8:30 నుంచి అర్ధరాత్రి వరకు 18 మి.మీ., అక్కడి నుంచి తెల్లవారుజామున 4:30 వరకు 14 మి.మీ. కురిసిందనుకుందాం. వాతావరణ శాఖ లెక్కలో ఇది జులై 11న నమోదయ్యే 32 మి.మీ. వాన, ఒకే వర్షపు దినం. అర్ధరాత్రి హద్దుగా కత్తిరించిన చిత్రంలో 10న 18, 11న 14 మి.మీ.గా రెండు వర్షపు దినాలు కనిపిస్తాయి. విత్తడానికి ఒకే దినంలో 20 మి.మీ. వాన ఉండాలని ఒక పరిమితి పెట్టుకొని ఉంటే, మొదటి లెక్కలో నేల విత్తుకు సిద్ధమైనట్టు, రెండో లెక్కలో కానట్టు తేలుతుంది. నేలలో దిగిన తడి మాత్రం రెండింటిలోనూ ఒక్కటే.

సర్వర్లు సాధారణంగా సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో దాచుకుంటాయి. భారత కాలమానం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి కాలమండలం చెప్పకుండా దినానికి కత్తిరిస్తే హద్దు అర్ధరాత్రి కూడా కాదు, ఉదయం 5:30 అవుతుంది. తెల్లవారుజామున మొదలై ఏడు గంటల వరకు కురిసిన జల్లు రెండు ముక్కలవుతుంది. ఉదయం 8:30 అంటే అంతర్జాతీయ కాలంలో సరిగ్గా 3:00 గంటలు. 'డేట్ బిన్'కు ఆరంభ బిందువుగా ఏదైనా ఒక తేదీన ఆ 3:00 గంటలను ఇచ్చి, నిడివిని 24 గంటలుగా పెడితే హద్దు సరిపోతుంది. ఆపై ఇంకొక సవరణ అవసరం. ఆ ప్రమేయం ఖండానికి దాని ఆరంభపు తేదీనే పేరుగా ఇస్తుంది. వాతావరణ శాఖ ముగింపు తేదీని ఇస్తుంది. ఒక రోజు కలపకపోతే గీత అంతా ఒక దినం వెనక్కు జరుగుతుంది.

కొన్ని కేంద్రాలు గంటలో కురిసిన వానను కాక, ఉదయం 8:30 నుంచి అప్పటివరకు కూడిన మొత్తాన్ని పంపుతాయి. అటువంటి నిలువు వరుసను మళ్లీ కూడడం పెద్ద దోషం. పై ఉదాహరణలో వాన ఆగిన 4:30 నుంచి 8:30 వరకు అయిదు కొలతలలోనూ 32 ఉంటుంది. ఆ అయిదింటిని కూడితేనే 160 మి.మీ. అవుతుంది. ఇక్కడ తీసుకోవలసింది కూడిక కాదు, దినపు చివరి కొలత. ఆ చివరి కొలత సరిగ్గా 8:30 ముద్రతో వస్తుంది. 'డేట్ బిన్' ఖండపు ఆరంభ క్షణాన్ని ఆ ఖండంలోనే చేర్చుతుంది కనుక దినపు మొత్తాన్ని తెలిపే ముఖ్యమైన కొలత మరుసటి దినంలోకి జారిపోతుంది. గరిష్ఠ విలువను తీసుకునే క్వెరీ అయితే, వాన లేని మరుసటి దినానికి కూడా 32 మి.మీ. చూపుతుంది. ఒక్క వాన రెండు వానలవుతుంది. కొలత సమయం నుంచి ఒక క్షణం తగ్గించి ఆ తరువాత ఖండానికి కేటాయించడం దీనికి సులువైన విరుగుడు.

వారం, నెల: పంటకు తెలియని హద్దులు

వ్యవసాయ వాతావరణ విశ్లేషణలో ప్రామాణిక వాతావరణ వారాలు వాడుకలో ఉన్నాయి. జనవరి 1 నుంచి 7 వరకు మొదటి వారం. ఏడాదికి 52 వారాలు. లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 26 నుంచి మార్చి 4 వరకు ఉండే 9వ వారానికీ, ప్రతి ఏడాదీ డిసెంబరు 24తో మొదలయ్యే 52వ వారానికీ ఎనిమిదేసి రోజులు. 'డేట్ ట్రంక్' చేసే వారం మాత్రం సోమవారంతో మొదలవుతుంది. ఉదాహరణకు 26వ ప్రామాణిక వారం జూన్ 25 నుంచి జులై 1 వరకు. 2024లో జులై 1 సోమవారం కావడం వల్ల ఆనాటి వాన సోమవారపు లెక్కలో తరువాతి వారంలోకి పోతుంది. అలా కుదించిన గీతను ప్రామాణిక వారాల సాధారణ వర్షపాతంతో పోల్చడం తగదు. ఏడు రోజుల నిడివితో గణించడం కన్నా, 52 వారాల ఆరంభ, ముగింపు తేదీలు గల చిన్న పట్టికను డేటాబేస్‌లో ఉంచి దానితో జోడించడం మేలు.

నెలకు కుదించితే నష్టం మరింత పెరుగుతుంది. ఆగస్టులో 90 మి.మీ. కురిసిందని చెప్పే దిమ్మె చూడడానికి నిండుగా ఉంటుంది. ఆ వాన అంతా మొదటి నాలుగు రోజులలోనే కురిసి, మిగతా 27 రోజులు పొడిగా ఉంటే ఊడలు దిగే దశలోనో, కాయ ఊరే దశలోనో ఉన్న వేరుశనగకు ఆ దిమ్మె ఏమీ చెప్పదు. 2016 నాటి కేంద్ర కరువు నిర్వహణ కరదీపిక వర్షపాత లోటుతో పాటు పొడి విరామాన్ని కూడా వర్షపాత సూచికలలో చేర్చింది. అందువల్ల నెలవారీ మొత్తం పక్కనే ఆ నెలలో వర్షపు దినాలెన్ని, వరుసగా వాన లేని దినాలు అత్యధికంగా ఎన్ని అన్న రెండు అంకెలను కూడా అదే క్వెరీలో తీయాలి. ఈ రెండూ దిన దత్తాంశం నుంచే వస్తాయి. ఒకసారి నెలకు కుదించిన తరువాత వాటిని తిరిగి రాబట్టడం సాధ్యం కాదు.

హిందూపురం: సగటు దాచే వేడి

హిందూపురం మల్బరీ తోటలకూ, పట్టుగూళ్ల మార్కెట్టుకూ పేరు పొందిన ప్రాంతం. పట్టుపురుగులకు చాకీ దశలో 26 నుంచి 28 డిగ్రీల ఉష్ణోగ్రత, పెద్ద పురుగులకు 24 నుంచి 25 డిగ్రీల ఉష్ణోగ్రత, సుమారు 70 శాతం తేమ అనుకూలమని సిఫారసు. పెంపక గృహంలోని సెన్సర్ దత్తాంశాన్ని కుదించడంలో రెండో ప్రశ్న, అనగా ఏ విలువను తీసుకోవాలన్నది, ముందుకు వస్తుంది.

పెద్ద పురుగులున్న గృహంలో మధ్యాహ్నం 1 నుంచి 4 గంటల వరకు 33 డిగ్రీలు, మిగిలిన 21 గంటలూ 24 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. దినపు సగటు 25.1 డిగ్రీలు. దినానికొక సగటు చుక్కతో గీసిన గీత సిఫారసు రేఖను అంటిపెట్టుకొని నిశ్చింతగా సాగుతుంది. పురుగు మాత్రం రోజుకు మూడు గంటల పాటు వేడికి తల్లడిల్లుతుంది. ఆకు మేత తగ్గి, గూడు పలచబడిన తరువాత గీతను తిరిగి చూసినా కారణం కనిపించదు.

కాబట్టి ఉష్ణోగ్రతకు ఒక్కొక్క ఖండానికి కనీసం మూడు విలువలు తీయాలి: కనిష్ఠం, సగటు, గరిష్ఠం. కనిష్ఠ గరిష్ఠాల మధ్య భాగాన్ని పలుచని పట్టీగా, సగటును దాని నడుమ గీతగా చూపితే చిత్రం నిజానికి దగ్గరవుతుంది. వాటితో పాటు పరిమితి దాటిన కొలతల సంఖ్యను కూడా లెక్కించవచ్చు. అయిదు నిమిషాల కొలతలలో 36 పరిమితి దాటాయంటే మూడు గంటల వేడి అని అర్థం. గోనె పట్టాలు తడపడం, కిటికీలు తెరవడం వంటి పనులకు వేళ నిర్ణయించుకోవడానికి రైతుకు ఆ అంకె సగటు కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఖండపు నిడివి ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. ఏడాది దత్తాంశాన్ని 800 చుక్కలకు సరిపెట్టాలంటే ఖండం దాదాపు 11 గంటలు వస్తుంది. అది 24 గంటలకు సరిగా భాగం కాదు. ఒక ఖండం పగటి వేడిని, తరువాతిది రాత్రి చల్లదనాన్ని, మరికొన్ని రెండింటినీ కలిపి తీసుకుంటాయి. ఫలితంగా కొన్ని రోజులకొకసారి పెరుగుతూ తరుగుతూ ఉండే అల ఒకటి గీతలో కనిపిస్తుంది. అది వాతావరణానిది కాదు, కుదింపుది. పగలు రాత్రి మార్పు ఉన్న ప్రతి కొలతకూ, దీర్ఘకాలపు చిత్రంలో ఖండం నిడివి 24 గంటలు గానీ, దాని గుణిజం గానీ అయి ఉండాలి. తెర వెడల్పును బట్టి అంతరాన్ని తానే ఎంచుకొనే సాధనాలను వాడేటప్పుడు ఆ సదుపాయాన్ని ఆపి, నిడివిని స్వయంగా నిర్దేశించడం శ్రేయస్కరం.

పెనుకొండ: ఖాళీని ఏమి చేయాలి?

పెనుకొండ పరిసరాలలో నీటి పారుదలకు బోరుబావులు ఆధారం. భూగర్భ జలమట్టాన్ని నేల పైభాగం నుంచి లోతుగా కొలుస్తారు. అందువల్ల అంకె పెరిగితే నీరు తగ్గినట్టు. క్వెరీలో గరిష్ఠ విలువ అడిగితే అట్టడుగు మట్టం వస్తుంది. చిత్రంలో నిలువు అక్షాన్ని తలకిందులు చేయకపోతే వేసవిలో నీరు పెరిగినట్టు కనిపిస్తుంది.

వ్యవసాయ విద్యుత్తు వచ్చే వేళల్లో మోటార్లు నడిచి మట్టం దిగిపోతుంది. ఆగిన తరువాత మెల్లగా కోలుకుంటుంది. దినపు సగటు ఈ రెండు స్థితులనూ కలగలుపుతుంది. నిల్వ నీటి దీర్ఘకాల ధోరణి కావాలంటే దినంలో కోలుకున్న స్థాయిని, అనగా కనిష్ఠ లోతును తీసుకోవాలి. మోటారు ఎంత లోతున దించాలో తెలియాలంటే గరిష్ఠ లోతును తీసుకోవాలి. దత్తాంశం ఒక్కటే, ప్రశ్నను బట్టి ప్రమేయం మారుతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఖాళీల సంగతి. పరికరం ఆగిన రోజులకు డేటాబేస్‌లో వరుసలే ఉండవు. సమూహీకరించే క్వెరీ ఉన్న వరుసలనే లెక్కిస్తుంది కనుక ఆ దినాలు ఫలితంలో కనిపించవు. గీత గీసే సాధనం ఇరువైపుల చుక్కలను తిన్నగా కలిపివేస్తుంది. 'జనరేట్ సీరీస్' ప్రమేయంతో అన్ని తేదీల వరుసను సృష్టించి, దానికి దత్తాంశాన్ని ఎడమ జోడింపుతో కలిపితేనే ఖాళీ దినం ఖాళీగా బయటపడుతుంది. టైమ్‌స్కేల్ డీబీలో ఇందుకు ఖాళీలు చూపే ప్రత్యేక రూపం ఉంది. గత విలువను కొనసాగించే, మధ్యస్థ విలువలను ఊహించే ఐచ్ఛికాలు కూడా ఉన్నాయి. చిక్కు ఆ ఐచ్ఛికాలతోనే.

మే నెలలో మట్టం సెన్సర్ కన్నా కిందికి దిగి ఇరవై రోజులు కొలతలు రాలేదనుకుందాం. గత విలువను కొనసాగిస్తే, నీరు అత్యంత తక్కువైన రోజులలో మట్టం నిలకడగా ఉన్నట్టు గీత పలుకుతుంది. తిన్నని గీతతో కలిపితే అట్టడుగు స్థాయి చిత్రం నుంచి మాయమవుతుంది. ఇక్కడ కొలత లేకపోవడమే ఒక సమాచారం. దానిని పూరించకుండా, గీతను తెంచి చూపడమే నిజాయితీ.

వర్షపాతంలో ఖాళీని సున్నాతో నింపడం మరింత ప్రమాదకరం. ఎడమ జోడింపు తరువాత ఖాళీ విలువకు బదులు సున్నా పెట్టడం క్వెరీలు రాసేవారికి అలవాటు. ఆ ఒక్క మాటతో పరికరం చెడిన వారం వాన లేని వారమవుతుంది, లేని బెట్ట పుడుతుంది. చినుకు పడినప్పుడే నమోదు చేసే పరికరాలలో మాత్రం వరుస లేకపోవడం వాన లేకపోవడాన్నే సూచించవచ్చు. అప్పుడు పరికరం పని చేస్తోందని తెలిపే బ్యాటరీ సంకేతం వంటి వేరొక ఆధారం ఉన్న దినాలకే సున్నా రాయాలి. భాషాభేదాలను కూడా గమనించాలి. కొలతలన్నీ ఖాళీ అయితే ఎస్‌క్యూఎల్ కూడిక ఖాళీనే ఇస్తుంది. పైథాన్‌లోని పాండాస్ కూడిక, ప్రత్యేకంగా చెప్పకపోతే, సున్నా ఇస్తుంది.

పాక్షికంగా నిండిన ఖండం ఇంకా మోసకారి. 24 గంటల కొలతలలో మూడే వచ్చినా కూడిక ఒక అంకెను ఇస్తుంది. అది అసంపూర్ణమని చెప్పదు. అందుకే ప్రతి ఖండానికీ కొలతల సంఖ్యను కూడా తీయాలి. ప్రపంచ వాతావరణ సంస్థ 2017 మార్గదర్శకాల ప్రకారం నెలలో 11 లేదా అంతకు మించిన రోజులు, లేదా వరుసగా 5 రోజులు కొలత లోపిస్తే నెల సగటును గణించరాదు. వర్షపాతం వంటి మొత్తాలకు నిబంధన మరింత కఠినం. నెలలో ఏ ఒక్క దినమూ లోపించకూడదు.

చిత్రానికి ఒకటి, లెక్కకు ఒకటి

కేవలం ఆకారం చూడడానికి వేరే పద్ధతులు ఉన్నాయి. 2013లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయంలో స్వెయిన్ స్టెయినార్సన్ సమర్పించిన పరిశోధన, త్రిభుజ వైశాల్యాన్ని ఆధారం చేసుకొని గీత ఆకారాన్ని కాపాడే కొలతలను మాత్రమే ఎంచుకునే మార్గాన్ని చూపింది. 2014లో వెలువడిన ఎం4 పద్ధతి ప్రతి నిలువు చుక్కల వరుసకూ మొదటి, చివరి, కనిష్ఠ, గరిష్ఠ కొలతలను ఉంచుతుంది. దానితో పై లక్ష కొలతలు 3,200కు మించవు, గీత రూపం చెడదు. అయితే ఇవి కంటి కోసం ఎంచిన కొలతలు. వాటిని కూడి వర్షపాతమనీ, సగటు తీసి ఉష్ణోగ్రత అనీ ప్రకటించరాదు. చిత్రం కోసం కుదించిన దత్తాంశం నుంచి మరొక లెక్క ఎన్నడూ చేయకూడదు. ప్రతి లెక్కా మూల దత్తాంశం నుంచే మొదలుకావాలి.

ఆచరణలో పాటించవలసిన క్రమం

1. కొలత గంటకు సంబంధించినదా, కూడుకుంటూ వచ్చినదా, ముద్రించిన సమయం వ్యవధికి మొదలా, చివరా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

2. వర్షపాతానికి దినపు హద్దును ఉదయం 8:30గా నిర్దేశించి, ముగింపు తేదీతో పేరు పెట్టాలి.

3. గంట వారీ వర్షపాతానికి కూడిక, ఉష్ణోగ్రతకు కనిష్ఠ సగటు గరిష్ఠాలు, జలమట్టానికి ప్రశ్నను బట్టి కనిష్ఠ లేదా గరిష్ఠ లోతు ఎంచుకోవాలి.

4. ప్రతి ఖండానికీ కొలతల సంఖ్యను తీసి, అసంపూర్ణ ఖండాలను వేరే రంగులో చూపాలి.

5. ఖాళీని ఖాళీగానే ఉంచాలి. పూరించక తప్పకపోతే ఆ భాగాన్ని చుక్కల గీతతో వేరుగా చూపాలి.

6. చిత్రం కింద ఖండం నిడివి, దినపు హద్దు, వాడిన ప్రమేయం, లోపించిన దినాల సంఖ్య రాయాలి.

వ్యవసాయ వాతావరణ సలహాలు వారానికి రెండు పర్యాయాలు, మంగళ, శుక్రవారాలలో వెలువడతాయి. వాటిని సిద్ధం చేసే శాస్త్రవేత్త ఎదుట ఉండే గీత వెనుక ఎవరో రాసిన నాలుగు పంక్తుల క్వెరీ ఉంటుంది. దానిని రాసినవారు ఆనాడు పొలాన్ని చూసి ఉండకపోవచ్చు. అయినా ఆ నాలుగు పంక్తులలో వాన ఏ తేదీన పడిందో, వేడి ఎంతసేపు ఉందో, నీరు ఎప్పుడు అడుగంటిందో నిర్ణయమైపోతుంది. కనుక పరిశోధన వ్యాసంలో విత్తన రకాన్నీ, ఎరువుల మోతాదునూ ఎంత స్పష్టంగా పేర్కొంటారో, దత్తాంశాన్ని కుదించిన విధానాన్ని కూడా అంతే స్పష్టంగా పేర్కొనడం అవసరం. అప్పుడే మరొకరు అదే గీతను తిరిగి గీసి సరిచూడగలుగుతారు.